ఎర్రబడని పసుపు

మా చిన్నమామయ్యగారు వండేటప్పుడు దేన్నీ రుచి చూడరు. ఆయన మా మామగారికి తమ్ముడు. తిరువూరులో మా వీధి చివరి గుడిలో స్వామికి నైవేద్యం వండే పని ఆయనది, ఆయనకు ముందు వాళ్ల నాన్నగారిది. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూడటం మాట అటుంచి, గిన్నె మీదికి వంగి వాసన కూడా పీల్చరు. స్వామికి పెట్టకముందే మన నాలుకకు తగిలితే అది ఎంగిలి. వండింది ముందు స్వామికి, తర్వాత గుడికి వచ్చినవాళ్లకు, అందరికీ పెట్టాక చివర తనకు. మిగిలితే అక్కడే తింటారు, మిగలకపోతే ఇంటికి వచ్చి మజ్జిగన్నం కలుపుకుంటారు.

పెళ్లయిన కొత్తలో ఇదంతా నాకు చాదస్తంగా కనిపించేది. నేను బడిలో సోషల్ చెప్పే మనిషిని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందనీ, నా నోరు ఊరుకోదనీ ఇంట్లో అందరూ అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. "ఉప్పు ఎక్కువైతే స్వామి మాత్రం ఎలా తింటాడు మామయ్యగారూ?" అని ఒకరోజు అడిగేశాను. "ఇంతవరకూ ఆయన ఏమీ అనలేదమ్మా," అని నవ్వి ఊరుకున్నారు. ఆయన వంటలో ఉప్పు ఎక్కువ కావడం నేను కూడా ఎన్నడూ చూడలేదు. ఆయనకు చెయ్యే కొలత. ఆ చేతి మీద ఆయనకు ఎంత నమ్మకమో మా అందరికీ అంతే నమ్మకం ఉండేది.

ఆ ఏడు వానలకు బెజవాడలో సగం మునిగింది. మా వైపూ వాగులు రోడ్డెక్కాయి. గంపలగూడెం వెళ్లే ఆటోలు ఆగిపోయాయి, ఎ.కొండూరు దాటి బస్సులు వెళ్లలేదు. మాది మెట్ట ఊరు కనుక ఇళ్లలోకి నీళ్లు రాలేదు, అంతవరకు బతికిపోయాం. కానీ ఫోన్లలో వస్తున్న వీడియోలు చూస్తుంటే అన్నం సహించేది కాదు. మురికినీళ్లలో సగానికి మునిగిన ఇళ్లు, మేడల మీద నించుని చేతులూపుతున్న జనం, ఒక పాల ప్యాకెట్టు కోసం నడుంలోతు నీళ్లలో నడుచుకుంటూ వస్తున్న ఆడవాళ్లు. బెజవాడలో మనవాళ్లంటూ ఎవరూ లేని ఇల్లు మా ఊళ్లో వెతికినా దొరకదు. దారి తెరుచుకుందని తెలియగానే, వండి పంపుదామని ఊళ్లో ఎవరికి వారే అనుకున్నారు.

బియ్యం నేనిస్తానని రైసు మిల్లాయన ముందుకు వచ్చాడు. పొలాలు, మిల్లు, ఎరువుల కొట్టు అన్నీ ఉన్న కుటుంబం వాళ్లది. మాట పెళుసు, మనిషి మాత్రం పని మొదలుపెడితే మధ్యలో వదిలే రకం కాదు. కల్యాణమండపం తాళాలు ఇప్పించింది, లారీ మాట్లాడింది, పడవలున్న కుర్రాళ్లతో అవతల బెజవాడలో ఒప్పందం చేసుకున్నది ఆయనే. ఏం వండాలన్న దగ్గర పెద్దగా చర్చ లేదు. పులిహోరయితే సాయంత్రం దాకా పాడవదు, కూర అక్కర్లేదు, ప్యాకెట్టు విప్పి చేత్తో తినెయ్యవచ్చు. పులిహోర అనుకున్నాక ఎవరు వండాలన్న ప్రశ్న కూడా లేదు. మిల్లాయన స్వయంగా మా ఇంటికి వచ్చి చిన్నమామయ్యగారిని అడిగాడు.

చిన్నమామయ్యగారు తన పద్ధతిని మండపానికి కూడా వెంటబెట్టుకుని వచ్చారు. తెల్లవారకముందే స్నానం చేసి తడిపంచెతో గాడిపొయ్యి దగ్గర నించునేవారు. కలిపిన పులిహోరలోంచి ముందుగా ఒక ఇత్తడి గిన్నెడు తీసి, గుడికి పట్టుకెళ్లి స్వామికి నివేదన చేసి వచ్చేదాకా ఒక్క ప్యాకెట్టు కట్టనిచ్చేవారు కాదు. లారీ డ్రైవరు హారన్ కొట్టేవాడు. "మన స్వామేం మేడ మీద చిక్కుకుపోలేదు కదా పంతులుగారూ, కాస్త ఆగలేడా?" అని మిల్లాయన విసుక్కునేవాడు. చిన్నమామయ్యగారు ఆ మాటకు కోపం తెచ్చుకోకుండా, వయసుకు మించిన వేగంతో గుడికి వెళ్లి అంతే వేగంతో తిరిగి వచ్చేవారు.

పసుపు దగ్గర చిక్కు వచ్చింది. మా కొట్లకు సరుకంతా బెజవాడ నుంచే రావాలి. అక్కడి హోల్‌సేలు బజారు మూతపడింది. చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు వండుతున్నారు కనుక ఉన్న సరుకు ఒక్కరోజులో అయిపోయింది. మామూలుగా అయితే మేం పసుపు కొమ్ములు కొని, ఎండబెట్టి, మర పట్టించుకుంటాం. ఆ వానల్లో ఎండ ఎక్కడిది, అంత తీరిక ఎవరికుంది?

అప్పుడు వచ్చాడు వ్యానతను. మొదటి లారీకి వంట మొదలుపెట్టబోతున్నాం. నడివయసు మనిషి, శుభ్రమైన చొక్కా, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు. వ్యాను నిండా గోనె సంచులు. ఏ పేరూ, ఏ ముద్రా లేని సంచులు. బెజవాడ చేరాల్సిన సరుకు దారిలో ఆగిపోయిందనీ, వరద బాధితుల కోసం వండుతున్నారని విని ఇటు తిప్పాననీ, కొన్న రేటుకే ఇచ్చేస్తాననీ చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని గొంతు కూడా కొంచెం వణికింది. మిల్లాయన వ్యాపారం తెలిసినవాడు కదా, "సరుకు ఎక్కడిది, బిల్లు ఉందా?" అని అడగబోయాడు. చిన్నమామయ్యగారు చెయ్యి ఎత్తి ఆపారు.

"పసుపు గుమ్మంలోకి వస్తే వద్దనకూడదండీ," అన్నారు.

ఆ మాటకు మా ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. పేరంటానికి పిలిచి పసుపూ కుంకుమా ఇస్తే శత్రువు ఇచ్చినా తీసుకుంటాం. చిన్నమామయ్యగారు సంచిలోంచి దోసెడు తీసి కళ్లకద్దుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రంగు చూసి అందరం ముచ్చటపడ్డాం. అన్నం మీద పడగానే మండపమంతా వెలుగు వచ్చినట్టయింది. కుర్రాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

అలా రెండు రోజులు రెండు లారీలు వెళ్లాయి.

వేడన్నం ఆరబోసి పులుసు కలపడానికి కొత్త తెల్లపంచెలు పరిచేవాళ్లం. అవి ఉతికే పని నేను తీసుకున్నాను. మా ఇంట్లో బోరుంది, డాబా ఉంది, బడికి సెలవులిచ్చారు. రెండో రోజు లారీ వెళ్లాక పంచెలన్నీ ఇంటికి తెచ్చి సబ్బు పెట్టాను. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, ఏ ఆడపిల్లకూ ఎవరూ నేర్పరు. చిన్నప్పటి నుంచీ చూస్తూ చూస్తూ తెలిసిపోతుంది. ఎర్రబడుతుంది, నీళ్లలో జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది, ఎండలో ఆరేస్తే సాయంత్రానికి పాలిపోతుంది. ఆ రోజు పంచెలకు సబ్బు రుద్దుతుంటే మరక పచ్చగానే ఉంది. ఇంకా రుద్దాను. పచ్చగానే ఉంది.

ముందు సబ్బును తిట్టుకున్నాను. వరద పేరు చెప్పి కొట్టువాడు ఏదో నాసిరకం సబ్బు అంటగట్టాడని, లోపలికి వెళ్లి పాత బిళ్ల తెచ్చాను. దానితోనూ అంతే. ఆ వారంలో మొదటిసారి ఎండ వచ్చింది. పంచెలు డాబా మీద ఆరేశాను. మధ్యాహ్నం పైకి వెళ్లి చూస్తే పంచెలు గలగలలాడుతూ ఎండిపోయాయి, మరకలు మాత్రం అప్పుడే పడినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక పంచె చుట్టచుట్టుకుని కిందికి దిగాను.

మా అత్తగారు వసారాలో తాంబూలం వేసుకుంటున్నారు. ఆవిడ పెట్టెలోంచి సున్నం వేలితో తీసి మరక మీద రాశాను. ఆవిడ చిరాగ్గా, "ఏంటే అది, పంచె మీద పారాణి పెడతావా?" అన్నారు. పసుపూ సున్నమూ కలిస్తే అయ్యేది పారాణే, పెళ్లికూతురి కాళ్లకు పెట్టే ఎరుపే. ఆ మరక ఎర్రబడలేదు. వంటింట్లోకి వెళ్లి మా డబ్బాలో పసుపు చిటికెడు తెచ్చి, అదే సున్నం అరచేతిలో కలిపాను. నెత్తురు రంగు తేలింది. మా అత్తగారు పంచె వంకా నా అరచేతి వంకా మార్చి మార్చి చూశారు.

"అది పసుపు కాదే," అన్నారు మెల్లగా.

మా బడిలో సైన్సు చెప్పే మాష్టారికి ఫోన్ చేశాను. ఆయన తొందరపడి మాట్లాడే మనిషి కాదు. సున్నంతో చూసినంత మాత్రాన అందులో ఏం కలిసిందో చెప్పలేమనీ, అది ల్యాబులో తేలాల్సిందేననీ అన్నారు. పిండికి రంగు పట్టించి అమ్మేవాళ్లున్నారనీ, ఆ రంగు బట్టలకు వేసేది కూడా అయి ఉండవచ్చనీ చెప్పి, "ఏదైనా సరే టీచరుగారూ, రేపటి వంటలో మాత్రం పడనివ్వకండి," అన్నారు.

మండపానికి నడిచి వెళ్లానో పరిగెత్తానో గుర్తులేదు. సాయంత్రమైంది. మర్నాటి లారీ కోసం చింతపండు పులుసు అప్పటికే ఉడికిపోయింది. పెద్ద గంగాళం నిండా ఉన్న ఆ పులుసులో పసుపు వేసి, నూనె తేలేలా కాచి, పైన మూత పెట్టారు. మిల్లాయన కుర్చీ వేసుకుని ఫోన్లో పడవల సంగతి మాట్లాడుతున్నాడు. చిన్నమామయ్యగారు పొయ్యి ముందు నిప్పులు వెనక్కి లాగుతున్నారు. నేను ఒక పళ్లెంలో ఓ పక్క మా ఇంటి పసుపు, ఓ పక్క సంచిలోంచి తీసిన పసుపు పోసి, రెండింటికీ సున్నం నీళ్లు చిలకరించి ఆయన ముందు పెట్టాను.

ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా ఉన్న పళ్లెం వంక చిన్నమామయ్యగారు చూశారు. తర్వాత లేచి, సంచి దగ్గరికి వెళ్లి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. వంట దగ్గర ఆయన ఏదైనా నోట్లో వేసుకోవడం చూడటం నాకు అదే మొదలు.

"చేదు లేదు. ఘాటూ లేదు," అన్నారు. "పిండి నమిలినట్టుంది."

వేసుకుని చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆ సంగతి ఆయన మొహంలోనే కనిపించింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. "రెండు రోజులు స్వామికి ఇదే పెట్టాను," అన్నారు. "స్వామి సంగతి నేను చూసుకుంటాను. వాళ్లకి కూడా ఇదే పెట్టాను కదమ్మా," అన్నారు.

మిల్లాయన ఫోన్ పెట్టేసి వచ్చాడు. సంగతి విన్నాడు, పళ్లెం చూశాడు, మొహం గంటు పెట్టుకున్నాడు.

"చిటికెడు రంగుకి మనుషులు చచ్చిపోరండీ టీచరుగారూ. మిఠాయి కొట్టులో లడ్డూకి రంగు వెయ్యట్లేదా? అక్కడ జనం మంచినీళ్లు లేక అల్లాడుతున్నారు. రేపు లారీ ఆగితే వాళ్లు ఏం తింటారు?"

"రంగు తింటారా?" అన్నాను. నా గొంతు మండపం చివరిదాకా వినిపించింది. కరివేపాకు దూస్తున్న ఆడవాళ్లు తలలు తిప్పారు. "వాళ్లకి వేరే దారి లేదు కాబట్టే మనం పంపింది తింటారు. ఇది తినమని ఎలా పంపుతారండీ? మీ ఇంటికైతే ఆ సంచి పట్టుకెళ్తారా?"

"నెమ్మదిగా మాట్లాడండి," అన్నాడు మిల్లాయన. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. "నా భయం వేరు. ఇది బయటికి పొక్కిందనుకోండి, రేపు ఎవరు ఏది తెచ్చినా అనుమానంగానే చూస్తారు. ఆకలితో నకనకలాడుతూ కూడా ముట్టుకోరు. ఒక్క మన ప్యాకెట్టే కాదు, ఎవరి ప్యాకెట్టూ ముట్టుకోరు. అప్పుడా పాపం ఎవరికి?"

ఆయన చెప్పింది పనికిమాలిన మాట కాదు. అది ఇప్పటికీ ఒప్పుకుంటాను. నోటికి ఎదురు లేని నేను కూడా కిందున్న పళ్లెం చేతిలోకి తీసుకుని అలాగే నించున్నాను.

చిన్నమామయ్యగారు లేచారు. ఎవరినీ అడగలేదు. రెండు గుడ్డలు చేతులకు చుట్టుకుని గంగాళం ఒక చెవి పట్టుకుని, రెండో చెవి పట్టుకోమని నా వంక చూశారు. ఇద్దరికీ లేవలేదు. మిల్లాయన కాసేపు చూసి, చెప్పులు విప్పి వచ్చి నన్ను పక్కకు జరగమన్నాడు. ఇద్దరూ మోసుకెళ్లి మండపం వెనక గోతిలో పోశారు. అంత పులుసూ మట్టిలో ఇంకుతుంటే చూడటం కష్టంగా అనిపించింది. ఎంతమంది కడుపు నిండేదో అనుకోకుండా ఉండలేకపోయాను.

"పసుపు లేని వంట లేదాండీ?" అన్నాడు మిల్లాయన చేతులు తుడుచుకుంటూ.

"కట్టెపొంగలి చేద్దాం," అన్నారు చిన్నమామయ్యగారు. "తెల్లగానే ఉంటుంది. త్వరగా పాడవుతుంది కాబట్టి లారీ ముందే బయల్దేరాలి."

ఆ సాయంత్రం మిల్లాయన చేసిన పని గురించి చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు. నోరు మెదపొద్దన్న మనిషే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కల ఎక్కడెక్కడ వండుతున్నారో ఆయనకు తెలుసు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఫలానా వ్యాను వచ్చిందా, పసుపు కొన్నారా, సున్నం వేసి చూడండి అని చెప్పాడు. విస్సన్నపేటలో వండుతున్నవాళ్లు కూడా ఆ వ్యాను దగ్గరే కొన్నారట. వాళ్లూ పారబోశారు. వ్యానతను ఇచ్చిన నంబరు మాత్రం ఎన్నిసార్లు చేసినా పలకలేదు. కల్తీ సరుకులు చూసే ఆఫీసుకు ఫిర్యాదు చేసింది కూడా మిల్లాయనే. వాళ్లు మర్నాడు వచ్చి సంచుల్లోంచి కొంత తీసి సీలు వేసుకుని తీసుకెళ్లారు. ఇదంతా అవతల పడవల కుర్రాళ్లకు కూడా చెప్పి, పాత ప్యాకెట్లు ఏమైనా మిగిలితే పారెయ్యమన్నాం. ఏమీ మిగల్లేదని చెప్పారు. ఆకలితో ఉన్నవాళ్ల దగ్గర అన్నం ఎందుకు మిగులుతుంది?

మర్నాటి నుంచి మండపం గుమ్మంలో ఒక బల్ల వేసుకుని నేను కూర్చున్నాను. ఎవరు ఏం తెచ్చినా బల్ల దాటి లోపలికి వెళ్లకూడదని చెప్పాను. పెసరపప్పు కడిగి నీళ్లకు రంగు దిగుతుందా అని చూసేదాన్ని. మిరియాలు నీళ్లలో వేసి, తేలేవాటిని విడిగా తీసి నలిపి చూసేదాన్ని, బొప్పాయి గింజలు కలుపుతారని సైన్సు మాష్టారు చెప్పారు. ఎక్కడిది, ఎవరి దగ్గర కొన్నారు అని అడిగేదాన్ని. వానలో తడిసి, నెత్తిన మూట పెట్టుకుని ఏదో ఇద్దామని వచ్చిన మనిషిని అలా నిలబెట్టి అడగడం సుఖమైన పనేమీ కాదు. కొందరు మొహం మాడ్చుకున్నారు.

పులుసు పారబోసిన సంగతి ఊరంతా తెలిసిపోయింది. మళ్లీ పులిహోర వండమని ఆడవాళ్లు వాళ్ల ఇళ్లలోంచి, ఏడాదికని దాచుకున్న పసుపు తేవడం మొదలుపెట్టారు. స్టీలు డబ్బాల్లో, గాజు సీసాల్లో, కొంగున కట్టుకుని. దానికీ సున్నం వేసి చూస్తుంటే ఒకావిడకు కోపం వచ్చింది. "మా ఇంటి పసుపుని అనుమానిస్తారేంటండీ? దేవుడి దగ్గర పెట్టుకునే పసుపండీ అది," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పసుపు ఇచ్చే చేతిని అనుమానించడం మా వైపు ఎంత మాటో నాకు తెలుసు. నేనేదో కటువుగా అనబోయేలోపు చిన్నమామయ్యగారు లోపలి నుంచి వచ్చారు.

"తప్పుగా అనుకోకమ్మా. ముందు మా ఇంటి పసుపే చూశాం," అన్నారు.

ఆవిడ పసుపు ఎర్రగా తేలింది. ఆవిడ పళ్లెంలో పారాణి వేలితో తీసి, వంగి తన కాళ్లకు రాసుకుని, మిగిలినది నా కాళ్లకు కూడా రాసి వెళ్లిపోయింది. అన్ని రోజుల్లో అక్కడ అందరం కాస్త నవ్వుకున్నది అప్పుడే.

రుచి చూసే సంగతి మాత్రం చిన్నమామయ్యగారికి కష్టమైంది. ఎవరో ఒకరు చూడాలని ఆయనే అన్నారు. కానీ తన చేతిని తన నోటి దాకా తెచ్చుకోలేకపోయారు. "నువ్వు చూడమ్మా," అని నాకు గరిటెతో ఆకులో వేసి, నేను తింటుంటే అటు తిరిగి నించునేవారు. నేను బాగుందని చెప్పాక ఆ వంట గుడికి తీసుకెళ్లలేదు. ఎంగిలైంది కదా. స్వామికి ఇంట్లో విడిగా ఇంత అన్నం వండి పెట్టేవారు. "ఆయన సర్దుకుంటాడు. వాళ్లది ముందు చూద్దాం," అన్నారు.

నీళ్లు తీశాయి. మండపం కడిగి తాళాలు ఇచ్చేశాం. చాలా రోజుల తర్వాత మిల్లాయన గుడికి వచ్చి, ల్యాబు నుంచి కబురు వచ్చిందని చెప్పాడు. ఆ పసుపులో తినకూడని రంగు కలిసిందని తేలిందట. వ్యానతను దొరకలేదు.

"అది తింటే ఏమవుతుందట?" అని అడిగారు చిన్నమామయ్యగారు.

"రోజూ తింటే మంచిది కాదంటండీ."

"రెండు పూటలు తింటే?"

అందులో ఏముందో ల్యాబువాళ్లు చెప్పారు గానీ, తిన్నవాళ్లకు ఏమవుతుందో ఎవరు చెబుతారు? ఎవరికీ ఏమీ అయి ఉండదని నేను చాలాసార్లు అన్నాను. సైన్సు మాష్టారిని ఇంటికి తీసుకొచ్చి ఆయన చేత కూడా చెప్పించాను. చిన్నమామయ్యగారు వినేవారు, తల ఊపేవారు. కొన్నాళ్లు గడిచాక, పప్పులోకి పోపు వేస్తున్న నన్ను పిలిచి, "చిన్నపిల్లలైతేనో?" అని మళ్లీ అడిగేవారు. నాకు ఆయన మీద జాలి, ఆ వ్యానతని మీద కడుపు మంట ఒకేసారి కలిగేవి. మోసం చేసినవాడు ఎక్కడో హాయిగా నిద్రపోతుంటాడు, ఈయన మాత్రం అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తుంటారు.

మరుసటి ఎండాకాలంలో ఒక పెళ్లికని బెజవాడ నుంచి ఒకావిడ మా ఊరు వచ్చింది. చంకలో మూడేళ్లు కూడా నిండని పాప. మర్నాడు పొద్దున గుడికి వచ్చి, వరదప్పుడు పులిహోర వండిన పంతులుగారు ఎవరండీ అని అడిగింది. సెలవులు కనుక నేనూ అక్కడే ఉన్నాను. చిన్నమామయ్యగారు అప్పుడే స్వామికి నివేదన చేసి ప్రసాదం గిన్నె బయటికి తెచ్చారు. పులిహోరే. ఆవిడ పాపను దింపి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది.

"మా బిల్డింగులో పై వాటాలో ఉన్నామండీ. ఆ రెండు రోజులూ మీ పులిహోర తప్ప మరేం దొరకలేదు. ఈ పిల్లకి కూడా అదే పెట్టాను. తిరువూరు నించి వచ్చిందని పడవలో కుర్రాళ్లు చెప్పారు. మిమ్మల్ని ఒకసారి చూసి వెళ్దామనుకున్నాను," అంది.

నేను ఆయన వంక చూశాను. ఆశీర్వదించి పంపెయ్యమని కళ్లతోనే చెప్పాను. అంత సంతోషంగా వచ్చిన మనిషి మనసు ఎందుకు విరగ్గొట్టాలి? ఆయన నా వంక చూడలేదు.

"అమ్మా, ఆ రెండు రోజులూ అందులో వేసింది పసుపు కాదు," అన్నారు. "ఎవడో రంగు కలిపి అమ్మాడు. నేను చూసుకోకుండా వేశాను. తెలిశాక పారబోశాం గానీ, మీకు చేరింది చేరిపోయింది."

ఆవిడ మొహంలో నవ్వు అలాగే కాసేపు ఉండిపోయింది. తర్వాత పాపను దగ్గరికి లాక్కుంది.

"పిల్లకేమన్నా అవుతుందాండీ?"

"తెలీదమ్మా," అన్నారు ఆయన. "ఏమీ కాదని డాక్టర్లే చెప్పాలి, నేను చెప్పకూడదు. ఒకసారి చూపించమ్మా. రోజూ స్వామికి ఈ పిల్లల గురించే చెప్పుకుంటున్నాను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. అలవాటు కొద్దీ ఆయన దొప్పలో పులిహోర పెట్టి చెయ్యి చాచారు. ఆవిడ అలవాటు కొద్దీ అందుకుంది. అందుకున్నాక దొప్పలోని పచ్చటి అన్నం వంక చూస్తూ అలాగే నించుండిపోయింది. పాప దొప్ప కోసం చేతులు చాస్తోంది. ఆవిడ దొప్పను కొంచెం పైకి ఎత్తి పట్టుకుంది.

మా వెనక గుడికి వచ్చినవాళ్లు ప్రసాదం కోసం వరసలో నించున్నారు. ఇంకా ఎవరికీ పెట్టలేదు. చిన్నమామయ్యగారు వాళ్లందరి ముందూ, అదే గిన్నెలోంచి పిడికెడు పులిహోర అరచేతిలోకి తీసుకున్నారు. గుడిమెట్టు మీద కూర్చున్నారు. ఆవిడకు కనిపించేలా, మెతుకు కింద పడకుండా, నెమ్మదిగా నమిలి తిన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ గుడిలో ఆయన అందరికంటే ముందు తినడం అదే మొదలు. తిన్నాక ఖాళీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆవిడ వంక చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ కూడా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. దొప్పలోంచి చిన్న ముద్ద తీసి ముందు తన నోట్లో పెట్టుకుంది. కాసేపాగి, ఇంకో ముద్ద చేసి పాపకు పెట్టింది.